ప్రాజెక్టు డైరీ: అను ఫాంట్ల మార్పిడి ప్రోగ్రామూ, దాన్ని నిలవనివ్వని డిఫెండరూ

సోమవారం

ప్రోగ్రాం రాయడం అయిపోయింది. ఇప్పుడు దాన్ని కంప్యూటర్‌లో నిలబెట్టడమే పనైంది.

విజయవాడలో తెలిసినవారి ప్రెస్సు ఒకటి ఉంది. అక్కడ ఒక మాసపత్రిక పాత సంచికలన్నీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ అనే ప్రోగ్రాం ఫైళ్లుగా పడి ఉన్నాయి. అన్నీ అను ఫాంట్లలో కూర్చినవే. ఆ ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలుంటాయి. ఫాంటు ఉన్నంతసేపు అది తెలుగు. ఫాంటు మారిస్తే తలాతోకా లేని గుర్తుల వరుస. ఆ పాఠాన్ని యూనికోడ్‌లోకి, అంటే ఫాంటు మారినా తెలుగుగానే ఉండే సంకేతాల్లోకి, తేవడానికి పైథాన్ భాషలో ఒక ప్రోగ్రాం రాశాను. పైథాన్ లేని కంప్యూటర్లలో కూడా నడవాలి కాబట్టి పైఇన్‌స్టాలర్ అనే పనిముట్టుతో దాన్నంతా నొక్కితే నడిచే ఒకే ఈఎక్స్ఈ ఫైలుగా కట్టి, ప్రెస్సులోని కంప్యూటర్లన్నిటిలో పెట్టి వచ్చాను.

సాయంత్రం డీటీపీ చేసే అక్క ఫోను చేసింది. "తమ్ముడూ, ఐకాన్ అలాగే ఉంది. నొక్కితే ఫైలు లేదంటోంది." డెస్క్‌టాప్ మీద షార్ట్‌కట్ మిగిలింది, అది చూపించే ఫైలు మాత్రం పోయింది. విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ అనే యాంటీవైరస్ దాన్ని క్వారంటైన్‌లో, అంటే అనుమానపు ఫైళ్లను బంధించి ఉంచే చోట, పెట్టేసింది. వెనక్కి తెప్పిస్తే కాసేపటికి మళ్లీ పట్టుకుపోయింది.

ప్రెస్సు యజమాని తన పరిష్కారం చెప్పారు. "ఆ యాంటీవైరస్‌ను మొత్తానికి తీసేయండి. దానివల్ల మాకు ఒరిగింది ఏముంది?" కుదరదని చెప్పాను. పెళ్లి కార్డులకూ కరపత్రాలకూ రోజంతా ఎవరెవరో పెన్ డ్రైవ్‌లు తెచ్చి గుచ్చే కంప్యూటర్లు అవి. ఊరంతటిలో యాంటీవైరస్ ఎక్కువ అవసరమైనవి ఇలాంటివే.

పైగా తీసేద్దామన్నా అది అంత సులువుగా పోదు. 2004 చివర్లో మైక్రోసాఫ్ట్ జెయింట్ అనే కంపెనీని కొని, దాని గూఢచారి ప్రోగ్రాముల నిరోధకాన్ని తన పేరుతో ఇవ్వడంతో ఈ కథ మొదలైంది. విస్టా అనే విండోస్ వెర్షన్‌లో డిఫెండర్ పేరుతో కలిసింది. 2012లో విండోస్ 8తో పూర్తిస్థాయి యాంటీవైరస్ అయింది. అప్పటి నుంచి అది విండోస్‌లో భాగం. సెట్టింగుల్లో, ఫైళ్లను ముట్టుకున్నప్పుడే తనిఖీ చేసే రియల్‌టైమ్ రక్షణ మీట ఆపితే కొంతసేపటికి తనంతట తానే తిరిగి మొదలవుతుంది. విండోస్ తన సెట్టింగులు దాచుకునే రిజిస్ట్రీలో ఒక విలువ మార్చి దాన్ని శాశ్వతంగా పడుకోబెట్టే పాత చిట్కాను 2020 నుంచి డిఫెండర్ లెక్కచేయడం లేదు. 2019లో వచ్చిన ట్యాంపర్ ప్రొటెక్షన్ ఆన్‌లో ఉంటే స్క్రిప్టులతో కీలకమైన రక్షణలను ఆపడమూ సాగదు. వేరే కంపెనీ యాంటీవైరస్ పెడితే డిఫెండర్ పక్కకు తప్పుకుంటుంది, నిజమే. కానీ ఆ కొత్తది నా ఫైలును పట్టుకోదని హామీ ఎవరిస్తారు?

కాబట్టి దాన్ని ఆపే ఆలోచన వదిలేశాను. అది ఏ కారణంతో పట్టుకుంటోందో తెలుసుకోవాలి. ఆ కారణాన్ని నా వైపు ఎంత తగ్గించగలనో చూడాలి. మిగిలినదానికే మినహాయింపు అడగాలి.

మంగళవారం

విండోస్ సెక్యూరిటీలోని రక్షణ చరిత్ర పేజీ తెరిచాను. పట్టుకున్న ముప్పు పేరు ట్రోజన్, విన్32, వకటాక్ బి. దాని వెనక ఒక ఆశ్చర్యార్థకం, ఆపైన ఎమ్ఎల్. నాకు పనికొచ్చే సమాచారమంతా ఆ చివరి రెండక్షరాల్లో ఉంది. ఎమ్ఎల్ అంటే మెషీన్ లెర్నింగ్. ఫలానా వైరస్ ముద్ర ఇందులో దొరికిందని దాని భావం కాదు. ఈ ఫైలు పోకడ హానికరమైన ఫైళ్ల పోకడలా ఉందని ఒక గణిత నమూనా అనుమానపడిందన్నమాట. ట్రోజన్ (మంచి ప్రోగ్రాంలా నటించే దొంగ ప్రోగ్రాం) అన్న మాట చదవగానే అక్క బెంబేలెత్తిపోయింది, అందుకు ఆమెను తప్పుపట్టలేం. ఇది నేరారోపణ కాదు, అనుమానం మాత్రమే అని నచ్చజెప్పడానికి ఒక టీ అయింది.

అయినా అనుమానాన్ని ముందు నేనే తీసుకోవాలి కదా. నేను ఇచ్చిన ఫైలూ అక్కడ పట్టుబడిన ఫైలూ ఒకటేనని ఎవరు చెప్పాలి? ప్రెస్సు కంప్యూటర్‌లో నిజంగానే ఏదైనా ఉండి నా ఫైలుకు అంటుకుని ఉండవచ్చు. అందుకని ఒక కంప్యూటర్‌లో ఖాళీ ఫోల్డర్ చేసి, దానికి తాత్కాలికంగా మినహాయింపు ఇచ్చి, క్వారంటైన్‌లోని ఫైలును అక్కడికే విడిపించాను. దీనికి డిఫెండర్‌తో వచ్చే ఎంపీసీఎండీరన్ అనే కమాండ్ లైన్ పనిముట్టు ఉంది. క్వారంటైన్‌లో ఏమేం ఉన్నాయో జాబితా ఇస్తుంది, ఫైలును పాత చోటికి కాకుండా మనం చెప్పిన చోటికి విడిపించనిస్తుంది. క్వారంటైన్ ఫోల్డర్‌లోకి వెళ్లి ఫైలును కాపీ చేసుకుందామంటే కుదరదు. అక్కడ అది గుప్తీకరించిన రూపంలో, వేరే పేరుతో ఉంటుంది. విడిపించిన ఫైలుకూ నా ల్యాప్‌టాప్‌లోని అసలుకూ పవర్‌షెల్ అనే కమాండ్ కిటికీలో షా-256 హాష్ (ఫైలు ఏ కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర లాంటి అక్షరాల వరుస) తీసి పక్కపక్కన పెట్టాను. మొదటి అక్షరం నుంచి చివరిదాకా ఒకటే. అంటే దారిలో ఫైలు మారలేదు, నేను కట్టిన తీరే దానికి నచ్చలేదు.

విండోస్ తన నమోదులు చూపించే ఈవెంట్ వ్యూయర్‌లో డిఫెండర్ లాగు (జరిగినవాటి చిట్టా) కూడా చూశాను. రక్షణ చరిత్ర కన్నా ఇది మేలు. 1116 సంఖ్యతో ఉన్న నమోదు ముప్పు కనిపించిందని చెబుతుంది, 1117 దాని మీద చర్య తీసుకున్నామని చెబుతుంది. ఏ ఫైలు, ఏ దారిలో, ఏ ప్రోగ్రాం ముట్టుకున్నప్పుడు పట్టుబడిందో అన్నీ అందులోనే ఉన్నాయి. ఫైలును కాపీ చేసినప్పుడు డిఫెండర్ ఏమీ అనలేదు. నడిపినప్పుడే పట్టుకుంది. ఇది శనివారం పనికి ఆధారం అవుతుంది.

బుధవారం

ప్రెస్సులో పని ఆగకూడదు కనుక ముందు మినహాయింపుల సంగతి. ఇది తేలిగ్గా కనిపిస్తుంది గానీ లోపల మెలికలు చాలా ఉన్నాయి.

రక్షణ చరిత్రలోనే ఈ పరికరంలో అనుమతించు అనే దారి ఒకటి కనిపిస్తుంది. అందరూ అదే నొక్కుతారు. నేను నొక్కలేదు. అనుమతించిన ముప్పుల జాబితాలో ముందు కనిపించేది ముప్పు పేరు, నా ఫైలు పేరు కాదు. వకటాక్ బి లాంటి పేరు లోకంలో ఎన్నో వేరువేరు ఫైళ్లకు పడుతుంది, వాటిలో నిజమైన దొంగలూ ఉంటాయి. పేరుకు అనుమతి ఇవ్వడం నాకు ఇష్టం లేదు. చోటుకు ఇవ్వడమే నయం.

మినహాయింపులు నాలుగు రకాలు: ఫైలు, ఫోల్డర్, ఫైలు రకం, ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాం). ఫైలు రకం అసలు వద్దు. ఈఎక్స్ఈ ఫైళ్లన్నిటినీ వదిలేయమనడం తలుపులు తీసి పెట్టడమే. ప్రాసెస్ అనే మాట మాత్రం చాలామందిని పక్కదారి పట్టిస్తుంది. ప్రోగ్రాం పేరు అక్కడ చేరిస్తే ప్రోగ్రాంను వదిలేస్తుందని అనిపిస్తుంది. అది వదిలేది ఆ ప్రోగ్రాం తెరిచే ఫైళ్లను, అదీ రియల్‌టైమ్ తనిఖీలో మాత్రమే. ప్రోగ్రాం ఫైలు తనిఖీకి లోబడే ఉంటుంది. నా అవసరం సరిగ్గా దానికి వ్యతిరేకం.

మిగిలింది ఫోల్డర్. సీ డ్రైవ్‌లో ప్రోగ్రాం ఫైల్స్ కింద ఒక ఫోల్డర్ చేసి, దాన్నొక్కదాన్నే చేర్చాను. ఆ చోటు ఎంచుకోవడానికి కారణం ఉంది: అక్కడ ఏదైనా రాయాలంటే అడ్మిన్ అనుమతి కావాలి. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌నో డెస్క్‌టాప్‌నో మినహాయిస్తే, ఎవరో తెచ్చిన పెన్ డ్రైవ్‌లోంచి దిగిన చెత్త కూడా అక్కడ హాయిగా కాపురం పెడుతుంది.

పవర్‌షెల్‌లో చేసేవారికి ఒక హెచ్చరిక. యాడ్-ఎంపీప్రిఫరెన్స్ అనే కమాండ్, ఉన్న జాబితాకు కొత్త దారిని చేరుస్తుంది. సెట్-ఎంపీప్రిఫరెన్స్ పాత జాబితాను తుడిచి కొత్తది రాస్తుంది. ఒక్క పదం తేడాతో ఇంకెవరో పెట్టుకున్న మినహాయింపులన్నీ ఎగిరిపోతాయి. దేన్ని వాడాలన్నా పవర్‌షెల్‌ను అడ్మిన్‌గా తెరవాలి. లేకపోతే ఉన్న జాబితాను కూడా చూపించదు.

ఉన్న జాబితా చూస్తే ఇంకో విషయం బయటపడింది. ప్రెస్సులో ఇంతకుముందు ఎవరో నెట్‌వర్క్‌లోని ఉమ్మడి ఫోల్డర్‌ను జడ్ డ్రైవ్‌గా పెట్టుకుని, ఆ జడ్ డ్రైవ్ మొత్తాన్ని మినహాయింపుల్లో చేర్చారు. అది ఎందుకూ పనికిరాని మినహాయింపు. మ్యాప్ చేసిన డ్రైవ్ అక్షరం లాగిన్ అయిన మనిషిది, డిఫెండర్ సేవ నడిచేది సిస్టం ఖాతాలో, అక్కడ ఆ అక్షరం ఉండదు. నెట్‌వర్క్ చోటును మినహాయించాలంటే అసలు నెట్‌వర్క్ దారి ఇవ్వాలి. ఫోల్డర్ దారికి బదులు రాసే యూజర్ ప్రొఫైల్, టెంప్ లాంటి చలరాశులకూ ఇదే గతి. అవి మన ఖాతాలోని ఫోల్డర్‌ను కాక సిస్టం ఖాతాలోని ఫోల్డర్‌ను చూపిస్తాయి. జడ్ వరుసను తీసేశాను. దాని పక్కనే, తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ ఫోల్డర్‌కు పూర్తి దారి ఇచ్చిన వరుస ఇంకొకటి ఉంది, అదీ తీసేశాను. హానికరమైన ప్రోగ్రాములు ముందుగా వచ్చి దిగేది టెంప్‌లోనే. లోపలికి రాగానే తమ ఫోల్డర్‌ను తామే డిఫెండర్ మినహాయింపుల్లో చేర్చుకునేవీ ఉన్నాయి. ఎవరి కంప్యూటర్ అయినా సరే, ఆ జాబితాలో ముక్కూముఖం తెలియని వరుస కనిపిస్తే ముందు దాని సంగతి తేల్చాలి. యజమానిని అడిగితే ఆ వరుసలు ఎవరు పెట్టారో ఆయనకూ తెలియదు. "కరెంటు పోయినప్పుడు వచ్చే అబ్బాయి అయి ఉంటాడు" అన్నారు. కరెంటుకూ దీనికీ సంబంధం నాకు ఇప్పటికీ బోధపడలేదు.

గురువారం

మినహాయింపు సరిగ్గా పెట్టానా, మరీ విశాలంగా పెట్టానా అని తేల్చుకోవడానికి ఐకార్ పరీక్ష ఫైలు ఉంది. వైరస్ కాదు. 68 అక్షరాల వరుస, అంతే. యాంటీవైరస్ మెలకువగా ఉందో లేదో చూడటానికి దాన్ని వైరస్‌గా గుర్తించాలని తయారీదారులంతా ఒప్పుకున్నారు.

నోట్‌ప్యాడ్‌ను అడ్మిన్‌గా తెరిచి, ఆ వరుస రాసి డెస్క్‌టాప్ మీద సేవ్ చేశాను. ఫైలు ఐకాన్ కనిపించింది. పేరు పూర్తిగా చదివేలోపే మాయమైంది, కుడివైపు కింద డిఫెండర్ సందేశం లేచింది. అదే వరుసను మినహాయించిన ఫోల్డర్‌లో సేవ్ చేస్తే కదలకుండా కూర్చుంది. తర్వాత ఆ ఫోల్డర్‌కు పై ఫోల్డర్‌లో సేవ్ చేస్తే పోయింది. మినహాయింపు నేను గీసిన గీత దగ్గరే ఆగుతోంది. పరీక్ష ఫైళ్లు తుడిచేసి ఇంటికి వచ్చాను.

శనివారం

ప్రెస్సులో పని నడుస్తోంది. కానీ ఇదే ప్రోగ్రాం కావాలని గుంటూరు నుంచి ఒక డీటీపీ మిత్రుడు, హైదరాబాద్ నుంచి ఒక గ్రంథాలయం వారు అడుగుతున్నారు. "ముందు మీ యాంటీవైరస్‌లో ఈ ఫోల్డర్‌ను వదిలేయండి, తర్వాత నా ప్రోగ్రాం నడపండి" అని ఎవరికి చెప్పగలను? దొంగ ప్రోగ్రాములు ఇచ్చేవారు చెప్పే మొదటి మాట కూడా అదే. కాబట్టి ఇక నా వైపు మరమ్మతు.

మొదట చూసింది పైఇన్‌స్టాలర్ తీరు. అన్నీ ఒకే ఫైలులో కట్టమంటే, ఆ ఫైలు నడిచిన ప్రతిసారీ టెంప్‌లో ఒక ఫోల్డర్ చేసి, పైథాన్ సరంజామా అంతా అందులో విప్పి, అక్కడి నుంచి నడుస్తుంది. టెంప్‌లో విప్పుకుని నడవడం దొంగ ప్రోగ్రాములకు బాగా అలవాటైన నడక. దానికి తోడు ఫైలు ముందు భాగంలో ఉండి మిగతాదాన్ని నడిపించే బూట్‌లోడర్ పైఇన్‌స్టాలర్ వాడేవారందరికీ ఒకటే. నేనూ దాన్నే వాడతాను, పాస్‌వర్డులు దొంగిలించే ప్రోగ్రాం రాసేవాడూ దాన్నే వాడతాడు. దొంగలూ దొరలూ ఒకే కొట్టులో సంచులు కొంటే పోలీసు సంచిని చూసే ఆపుతాడు.

అందుకని ఒకే ఫైలు పద్ధతి వదిలేసి, అన్నీ ఒక ఫోల్డర్‌లో విడివిడిగా ఉండే పద్ధతికి మారాను. చూడటానికి అందంగా ఉండదు, పంపాలంటే జిప్ చేయాలి, కానీ టెంప్‌లో విప్పే తతంగం పోతుంది. ఫైలును చిన్నది చేసే యూపీఎక్స్ కుదింపు తీసేశాను. ఫైలు సైజు పెరిగినా పరవాలేదు. లోపల ఏముందో కనబడకుండా చుట్టిన పొట్లాన్ని ఏ యాంటీవైరస్ అయినా శంకిస్తుంది. ఫైలు లక్షణాల్లో పేరు, వెర్షన్, వివరణ నింపాను. చివరగా పైఇన్‌స్టాలర్ మూలం కోడ్ దించుకుని, ఆ కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే సీ కంపైలర్‌తో బూట్‌లోడర్‌ను నా కంప్యూటర్‌లోనే కట్టుకున్నాను. అలా కట్టినది అందరి చేతిలో ఉన్నదానికి అచ్చుగుద్దినట్టు ఉండదు. కంపైలర్ పెట్టుకోవడానికే సగం రోజు పట్టింది, కట్టడం నిమిషాల్లో అయిపోయింది.

కానీ మంగళవారం లాగు గుర్తుందిగా, నడిపినప్పుడే పట్టుకుంది. దానికి ఇంకో కారణం నా ప్రోగ్రాంలోనే ఉండవచ్చనిపించింది. అక్క సౌకర్యం కోసం ఒక ఏర్పాటు పెట్టాను: పేజ్‌మేకర్‌లో పాఠాన్ని కాపీ చేస్తే చాలు, ప్రోగ్రాం వెనక నుంచి, కాపీ చేసింది నిలిచే క్లిప్‌బోర్డును కనిపెట్టి, అను పాఠమని తేలితే యూనికోడ్‌లోకి మార్చి అక్కడే తిరిగి పెడుతుంది. బయటి నుంచి చూసేవారికి ఇదెలా ఉంటుంది? తయారీదారు డిజిటల్ సంతకం లేని ప్రోగ్రాం, తెర మీద కిటికీ లేదు, మనం కాపీ చేసే ప్రతిదాన్నీ చదువుతోంది, దాని స్థానంలో వేరేది పెడుతోంది. క్రిప్టో కరెన్సీ చిరునామా కాపీ చేస్తే దాని బదులు తన చిరునామా పెట్టే దొంగ ప్రోగ్రాములు చేసే పని అక్షరాలా ఇదే. నా ఉద్దేశం డిఫెండర్‌కు ఎలా తెలుస్తుంది? ఆ ఏర్పాటు తీసేసి ఒక చిన్న కిటికీ, అందులో మార్చు అనే బటన్ పెట్టాను. బటన్ నొక్కినప్పుడే క్లిప్‌బోర్డును ముట్టుకుంటుంది. అక్కకు ఒక నొక్కు ఎక్కువైంది, ఆమె గొణిగింది. నాకు మాత్రం ఇదే మంచి రూపమనిపిస్తోంది. బ్యాంకు పాస్‌వర్డు కాపీ చేసుకునే కంప్యూటర్‌లో నా ప్రోగ్రాం కూడా దాన్ని చదువుతూ కూర్చోవడం నాకే నచ్చదు.

కొత్త కట్టును పరీక్షించడానికి ఎంపీసీఎండీరన్ మళ్లీ పనికొచ్చింది. ఒక ఫైలునో ఫోల్డర్‌నో తనిఖీ చేయమంటూ, చర్య వద్దు అనే అదనపు సూచన ఇస్తే మినహాయింపులను పట్టించుకోకుండా చూస్తుంది, ఏమి కనిపించిందో చెబుతుంది, ఫైలును మాత్రం ముట్టుకోదు. ముప్పు కనబడితే 2, లేకపోతే 0 తిరిగి ఇస్తుంది. పాత ఫైలుకు 2 వచ్చింది, కొత్త ఫోల్డర్‌కు 0. ఈ తనిఖీ నిలిచి ఉన్న ఫైలును చూస్తుందే తప్ప నడిచేటప్పటి ప్రవర్తనను కాదు. అందుకే మినహాయింపులేవీ లేని వేరే కంప్యూటర్‌లో చాలాసేపు నడిపించి కూడా చూశాను. పట్టుకోలేదు.

మరుసటి మంగళవారం

పాత ఒకే ఫైలు కట్టు ఇప్పటికే కొందరి దగ్గర ఉంది కాబట్టి దాన్ని మైక్రోసాఫ్ట్ ఫైళ్ల పరిశీలన పేజీలో సమర్పించాను. అక్కడ ఇంట్లో వాడేవారు, సంస్థలు, సాఫ్ట్‌వేర్ తయారీదారులు అని వేరువేరు దారులున్నాయి. తయారీదారు దారిలో వెళ్లి, ఇది ఏం చేస్తుందో, ముప్పు పేరు ఏమని వచ్చిందో రాశాను. గుర్తింపును తీసేశామని జవాబు వచ్చింది. వచ్చిన వెంటనే మన కంప్యూటర్‌లో తేడా కనిపించకపోతే, ఎంపీసీఎండీరన్‌తోనే క్లౌడ్ నుంచి దిగిన తాత్కాలిక వైరస్ గుర్తులను తొలగించి, నిర్వచనాలను (వైరస్ గుర్తుల జాబితాను) మళ్లీ దించుకోవాలి.

వైరస్‌టోటల్‌లో కూడా చూడమని గుంటూరు మిత్రుడు అన్నాడు, చూశాను. 2012 నుంచి గూగుల్ చేతిలో ఉన్న ఆ సేవలో పదుల కొద్దీ యాంటీవైరస్‌ల తీర్పు ఒకేచోట వస్తుంది. అక్కడికి ఎక్కించిన ఫైలు ఇతర పరిశోధకులకూ కంపెనీలకూ అందుతుంది, ఇది చాలామందికి తెలియదు. నా ఈఎక్స్ఈ ఎక్కిస్తే నష్టం లేదు. ఎవరో రచయిత అచ్చుకు ఇచ్చిన నవల ఫైలును మాత్రం వైరస్ ఉందేమోనని అక్కడికి ఎక్కించవద్దని ప్రెస్సులో గట్టిగా చెప్పి వచ్చాను.

ఇంకో గందరగోళం కూడా తీర్చాల్సి వచ్చింది. గ్రంథాలయం వారు ప్రోగ్రాంను మెయిల్ లింకు నుంచి దించుకుంటే నీలం రంగు పెట్టె వచ్చి మీ కంప్యూటర్‌ను రక్షించాం అంది. మళ్లీ డిఫెండర్ పట్టేసిందని వారు బాధపడ్డారు. అది స్మార్ట్‌స్క్రీన్, దాని లెక్క వేరు. నెట్ నుంచి దిగిన ఫైలుకు విండోస్ ఒక గుర్తు తగిలిస్తుంది. ఆ గుర్తుండి, తయారీదారు సంతకం లేకుండా, ఎక్కువమంది వాడని ఫైలు అయితే అది ఆపి అడుగుతుంది. ఫైలు మాత్రం ఎక్కడికీ పోదు. ఆ గుర్తు ఎన్‌టీఎఫ్‌ఎస్ పద్ధతిలో ఫైళ్లు దాచే డ్రైవ్‌లో నిలుస్తుంది, ఫ్యాట్32 పద్ధతి పెన్ డ్రైవ్‌లోకి కాపీ చేస్తే రాలిపోతుంది. ప్రెస్సులో ఇచ్చిన ఫైలు నెట్ నుంచి దిగినది కాదు, పెన్ డ్రైవ్‌తో వెళ్లింది. అందుకే అక్కడ ఈ నీలం పెట్టె రాలేదు.

దీనికి సరైన మందు, ప్రోగ్రాం మీద తయారీదారు సంతకం పెట్టనిచ్చే కోడ్ సైనింగ్ సర్టిఫికెట్. దానికి ఏటా డబ్బు కట్టాలి. 2023 జూన్ నుంచి దాని రహస్య తాళాన్ని ప్రత్యేక హార్డ్‌వేర్‌లోనే ఉంచాలన్న నిబంధన కూడా వచ్చింది. ఉచితంగా పంచే ప్రోగ్రాంకు అది నా జేబుకు మించిన పని. ప్రస్తుతానికి జిప్‌తో పాటు షా-256 హాష్‌ను విడిగా ఫోనులో పంపుతున్నాను. సరిపోల్చుకుని తెరిచేవారు తెరుస్తారు.

శుక్రవారం

కొత్త కట్టు ప్రెస్సు కంప్యూటర్లన్నిటిలోకీ ఎక్కింది. గత వారం పెట్టిన ఫోల్డర్ మినహాయింపులను ఒక్కొక్కటిగా తీసేశాను. అక్క పక్కన కూర్చుని ఒక సంచిక మొత్తం మార్చి చూసింది. ప్రోగ్రాం దాని చోట అది ఉంది.

అలాగని ఇది శాశ్వతం కాదు. ఒక్క అక్షరం సరిదిద్ది మళ్లీ కడితే హాష్ మారుతుంది, మైక్రోసాఫ్ట్ ఇచ్చిన తీర్పు పాత హాష్‌కే ఉంటుంది. అందుకని కట్టే స్క్రిప్టు చివర మూడు వరుసలు చేర్చాను: నిర్వచనాలను తాజా చేయి, చర్య లేకుండా తనిఖీ చేయి, 2 వస్తే జిప్ చేయకుండా ఆగు. అక్కడ ఆగితే పాత వెర్షన్‌తోనే పని నడుస్తుంది, నేను ఫైలును పరిశీలనకు పంపి జవాబు కోసం చూస్తాను.

ఇక వాయిదా పడిన అసలు పనికి రావాలి. స్త్రీ, రాష్ట్రీయ లాంటి మాటల్లో అను ఫాంటు గుణింతాన్నీ ఒత్తులనూ పెట్టే వరుస యూనికోడ్ వరుస లాంటిది కాదు. యూనికోడ్‌లో ఒత్తులన్నీ అయ్యాకే గుణింతం రావాలి. ఒక ఒత్తు ఉన్న మాటలు సరిగ్గా మారుతున్నాయి. రెండు ఒత్తులు ఒకదాని కింద ఒకటి వచ్చినచోట ఇంకా తడబడుతోంది. అక్క దొరికినవన్నీ ఎర్ర సిరాతో గుర్తుపెట్టిన ప్రూఫు కాగితాలు ఇచ్చింది. ఆదివారం వాటితో కూర్చుంటాను.